పడవ ఇద్దరిది, సంచి ఎవరిది వారిదే



ఇంగ్లాండు ఉత్తర భాగంలో లీడ్స్ నగరం నుండి లివర్‌పూల్ వరకు 204 కిలోమీటర్ల పొడవైన కాలువ ఒకటి ఉంది. 1770లో తవ్వడం మొదలుపెట్టి 1816లో పూర్తి చేశారు. ఒకప్పుడు బొగ్గు, సున్నపురాయి మోసిన పడవలు తిరిగిన ఈ కాలువలో నేడు విహార పడవలు తిరుగుతున్నాయి. సత్కార్యాలకు నిధులు సేకరించే ఉద్దేశంతో కొందరు కయాక్‌లలో దీని పొడవునా ప్రయాణిస్తుంటారు. కయాక్ అంటే రెండు చివరలా రెక్కలున్న తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవ.

బయలుదేరే ముందు వారు బంధుమిత్రులను కలిసి, "మేము ఈ ప్రయాణం పూర్తి చేస్తే మీరెంత ఇస్తారు?" అని అడుగుతారు. అలా వచ్చిన సొమ్ము రోగుల సేవకో, ఆకలిగొన్నవారికో చేరుతుంది. 1990లో అక్కడ మొదలైన ఒక పద్ధతి ప్రకారం, పన్ను కట్టే దాత అనుమతిస్తే, అతడిచ్చిన ప్రతి పౌండుకు ప్రభుత్వం నేడు మరో 25 పెన్నీలు సేవాసంస్థకు చేరుస్తుంది.

ఇద్దరు మిత్రులు ఒకే కయాక్‌లో ఇలా బయలుదేరారనుకుందాం. ముందు కూర్చున్నవాడు తెడ్డు వేసే వేగాన్ని నిర్ణయిస్తాడు. వెనుకవాడు ఆ వేగానికి తగ్గట్టు తెడ్డు వేస్తూ పడవను దారిలో పెడతాడు. ఎవరి ఇష్టం వారిదైతే తెడ్లు రెండూ ఢీకొంటాయి.

అయితే అసలు పరీక్ష నీటిమీద కాదు, లాకుల దగ్గర. ధవళేశ్వరంలోనో, విజయవాడలోనో కాలువ లాకులు చూసినవారికి వాటి సంగతి తెలుసు. తలుపులు మూసి, నీరు నింపి లేక వదిలి, పడవను ఒక మట్టం నుండి మరొక మట్టానికి చేరుస్తారు. ఈ కాలువమీద అటువంటివి 91 ఉన్నాయి. బింగ్లీ ఊరివద్ద 1774లో తెరచిన ఐదు లాకులు ఒకదానికొకటి ఆనుకొని మెట్లవలె ఉండి, పడవను సుమారు 18 మీటర్లు పైకెత్తుతాయి. విగన్ పట్టణం దగ్గర వరుసగా 21 లాకులు 60 మీటర్లకు పైగా క్రిందికి దించుతాయి. లాకులో నీటి ఉరవడి చిన్న పడవకు ప్రమాదం. అందుచేత కయాక్‌వారు ముందే గట్టుకు దిగి, పడవను మోసుకొనిపోయి, లాకు దాటాక మళ్ళీ నీటిలో దించుకుంటారు.

తడిసిన సామానుతో ఉన్న ఆ పడవను ఒక్కడు ఎత్తలేడు. చెరొక కొసా పట్టుకోవలసిందే. కాని ఎవరి సంచి వారి భుజానే ఉంటుంది.

పునీత పౌలుగారు గలతీయులకు వ్రాసిన లేఖ 6వ అధ్యాయంలో ఈ రెండు సంగతులూ ఉన్నాయి. 2వ వచనంలో ఒకరి భారాన్ని మరొకరు మోయమంటారు. 5వ వచనంలో ఎవరి బరువు వారే మోసుకోవాలంటారు. పైకి పొంతన లేనట్లు కనిపిస్తుంది. కాని గ్రీకు మూలంలో ఉన్నవి రెండు వేరు వేరు పదాలు. మొదటిది 'బారోస్', అనగా మనిషిని క్రుంగదీసే భారం. రెండవది 'ఫోర్తియోన్', అనగా ఎవరి వంతుకు వచ్చిన మూట వారిది. పలువురు వ్యాఖ్యాతలు ఈ తేడాను ఎత్తి చూపుతారు. మన మిత్రుల పడవ మొదటిది, సంచి రెండవది.

విగన్ దగ్గర వాన కురుస్తోంది. ఎవరో వాహనం తెచ్చి, "ఈ 21 లాకులూ బండిమీద దాటిస్తాను, ఎవరికి తెలుస్తుంది?" అన్నారు. ఒళ్ళు బద్ధకంవల్ల ఒప్పుకుంటే దాతలకిచ్చిన మాట తప్పినట్లే. ఆ మాట ఎవరి సంచిలో వారు మోయవలసినదే. అలాకాక, స్నేహితుని భుజం నిజంగా దెబ్బతిన్నదనుకోండి. అప్పుడు అతడిని తరిమి తరిమి నడిపించడం ప్రేమ కాదు. ఇద్దరూ ఆగి, జరిగినది దాతలకు ఉన్నదున్నట్లు చెప్పాలి. ఎక్కడో ఉన్న పేదవానికోసం బయలుదేరి ప్రక్కనున్నవాని బాధను చూడకపోతే ఆ ప్రయాణానికి అర్థమేముంది?

మన విచారణలోనూ ఇంతే. యజమాని హఠాత్తుగా మరణించిన ఇంటి అప్పు, పెద్ద జబ్బుకైన ఆసుపత్రి ఖర్చు ఒక్క కుటుంబం ఎత్తలేని పడవలు. "వాళ్ళ ఖర్మ" అని గట్టుమీద నిలబడి చూడరాదు. కాని బిడ్డల చదువు కనిపెట్టడం, త్రాగుడు మానడం, చందా వసూలు చేస్తే పైసాతో సహా లెక్క చెప్పడం ఎవరి సంచి వారిదే. దానిని పొరుగువాని భుజానికి తగిలించరాదు.

ఈ వారం కుటుంబమంతా కూర్చొని ఆలోచించండి:

1. మన వీధిలో ఒంటరిగా పడవ మోస్తున్న ఇల్లు ఏది? రెండవ కొస పట్టుకోవడానికి మనలో ఎవరు వెళ్ళగలరు?

2. మనం మోయవలసిన సంచి ఏదైనా ఇంకొకరి భుజాన వేశామా?