పాఠం 18: పాత స్టేడియం – ఉంచాలా, కూల్చాలా?

ఈ పాఠంలో నేర్చుకునేవి
• ఒక విషయంలో రెండు వైపుల మాటలూ విని, మన అభిప్రాయం చెప్పడం
• "ఉంచాలి – ఉంచకూడదు", "ఉంచితే – ఉంచినా" వాక్యాలు
• మిలియన్లను లక్షల్లో, కోట్లలో చెప్పడం

ముందుగా మాట్లాడుకుందాం
1. మీ ఇంట్లో అందరికంటే పాత వస్తువు ఏది? దాన్ని ఎందుకు పారేయలేదు?
2. మీ ఊళ్ళో ఏదైనా పాత భవనాన్ని కూల్చడం చూశారా? అక్కడ ఇప్పుడు ఏముంది?
3. "పాత ఒక రోత, కొత్త ఒక వింత" అని మన సామెత. అంటే పాతది చూస్తే విసుగు, కొత్తది చూస్తే ముచ్చట. ఇది ఎప్పుడూ నిజమేనా?

కొత్త పదాలు
కూల్చడం – కట్టినదాన్ని పడగొట్టడం. (పాత వంతెనను కూల్చారు.)
స్మారకం – చనిపోయినవారి గుర్తుగా కట్టినది. (ఇది సైనికుల స్మారకం.)
భూకంపం – భూమి కంపించడం, అంటే కదలడం.
పగులు – గోడలోనో నేలలోనో వచ్చే చీలిక. భూమి లోపల ఉండే పెద్ద పగులునే "ఫాల్ట్" అంటాం.
పటిష్ఠం చేయడం – బలంగా చేయడం.
ఇరుగుపొరుగు – మన చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు.
అప్పు – తిరిగి ఇస్తామని తీసుకున్న డబ్బు. (అప్పు చేయడం తేలిక, తీర్చడం కష్టం.)
గడువు – ఒక పని పూర్తి చేయడానికి ఇచ్చిన సమయం.

చదువుదాం

1. వందేళ్ళ స్టేడియాలు

అమెరికాలో ఫుట్‌బాల్ అంటే కోడిగుడ్డులాంటి బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట. అక్కడ కాలేజీ జట్ల ఆటకు కూడా వేలమంది వస్తారు. మిషిగన్ విశ్వవిద్యాలయం స్టేడియంలో లక్షమందికి పైగా కూర్చోవచ్చు. అది 1927లో తెరిచింది.

ఇలాంటి పెద్ద స్టేడియాలు చాలావరకు 1920లలో కట్టినవే. మొదటి ప్రపంచ యుద్ధం 1918లో ముగిసింది. ఆ యుద్ధంలో చనిపోయినవారి గుర్తుగా చాలా విశ్వవిద్యాలయాలు స్టేడియాలు కట్టి, వాటికి "మెమోరియల్ స్టేడియం" అని పేరు పెట్టాయి. అంటే అవి ఆటస్థలాలే కాదు, స్మారకాలు కూడా.

ఇప్పుడు వాటికి వందేళ్ళు నిండుతున్నాయి. కాంక్రీటు పెచ్చులూడుతుంది. సీట్లు ఇరుకు. వీల్‌చెయిర్‌లో వచ్చేవాళ్ళకు దారి సరిగ్గా ఉండదు. పైగా సొంత మైదానంలో ఏడాదికి ఆరేడు ఆటలే జరుగుతాయి. మరి వీటిని బాగుచేయాలా, కూల్చి కొత్తవి కట్టాలా? రెండు విశ్వవిద్యాలయాలు ఈ ప్రశ్నకు రెండు రకాల జవాబులు చెప్పాయి.

2. బర్కిలీ: గోడ ఉంచారు, లోపల మార్చారు

కాలిఫోర్నియాలోని బర్కిలీలో ఉన్న మెమోరియల్ స్టేడియం 1923లో తెరిచింది. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన కాలిఫోర్నియావాసుల స్మారకం అది. కొండల మధ్య లోయ మొదట్లో, సగం కొండలో కూర్చున్నట్టుగా కట్టారు. బయటి గోడ చూస్తే రోమ్‌లోని కొలోసియం గుర్తొస్తుంది.

చిక్కంతా నేల కింద ఉంది. హేవర్డ్ ఫాల్ట్ అనే పెద్ద పగులు సరిగ్గా ఈ స్టేడియం కింద నుంచే, దాదాపు ఒక గోల్‌పోస్టు నుంచి రెండో గోల్‌పోస్టు దాకా పోతుంది. తెలుగు కుటుంబాలు చాలా ఉన్న ఫ్రీమాంట్ ఊరి గుండా వెళ్ళేది కూడా ఈ ఫాల్టే. 1868లో దీనిమీద పెద్ద భూకంపం వచ్చింది. భూకంపం రాకపోయినా ఈ పగులు ఊరుకోదు. దానికి అటూ ఇటూ ఉన్న నేల ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున జరుగుతూనే ఉంటుంది. ఏళ్ళు గడిచేసరికి స్టేడియం గోడల్లోనూ చీలికలు వచ్చాయి.

"ఇంత ప్రమాదం ఉంటే కూల్చేసి ఇంకోచోట కట్టొచ్చు కదా?" అని మీకు అనిపించవచ్చు. కానీ స్మారకాన్ని కూల్చడానికి చాలామందికి మనసు ఒప్పలేదు. 2006లో అది దేశపు చారిత్రక స్థలాల జాబితాలో కూడా చేరింది.

అదే ఏడాది ఇంకో గొడవ మొదలైంది. క్రీడాకారుల కోసం పక్కనే ఒక శిక్షణ కేంద్రం కట్టాలనుకున్నారు. దానికోసం అక్కడి ఓక్ చెట్లు కొట్టాలి. కొందరు ఆ చెట్లెక్కి కూర్చున్నారు! 2006 డిసెంబరు నుంచి 2008 సెప్టెంబరు దాకా, అంటే 21 నెలలు, చెట్లమీద ఎవరో ఒకరు ఉంటూనే వచ్చారు. విషయం కోర్టుకు వెళ్ళింది. చివరికి చెట్లు కొట్టేశారు, కేంద్రం కట్టారు.

తర్వాత స్టేడియం పని మొదలైంది. 2011లో జట్టు శాన్‌ఫ్రాన్సిస్కోలోని బేస్‌బాల్ స్టేడియానికి వెళ్ళి ఆడింది. ఇక్కడ పాత బయటి గోడను జాగ్రత్తగా నిలబెట్టి, దాని లోపల పడమటి వైపు సీట్లన్నీ తీసేసి కొత్తగా కట్టారు. ఫాల్ట్ దాటే చోట ఇంజనీర్లు ఒక ఉపాయం చేశారు. అక్కడి రెండు భాగాలను మిగతా స్టేడియం నుంచి విడదీసి, మధ్యలో సందు వదిలారు. భూమి కదిలితే ఆ భాగాలు వేరుగా జరుగుతాయి, పక్కవాటిని చీల్చవు. నేలతో పోట్లాడకుండా, అది కదలడానికి చోటిచ్చారన్నమాట.

2012 సెప్టెంబరులో స్టేడియం మళ్ళీ తెరిచింది. సీట్లు దాదాపు 72,000 నుంచి 63,000కు తగ్గాయి. ఖర్చు 321 మిలియన్ డాలర్లు. శిక్షణ కేంద్రంతో కలిపితే ఇంకా ఎక్కువ. మంచి సీట్లను ఏళ్ళ తరబడి వాడుకునే హక్కుతో ముందుగానే అమ్మి ఆ డబ్బు రాబట్టాలనుకున్నారు. అనుకున్నన్ని అమ్ముడుపోలేదు. అప్పు మిగిలింది. అందులో కొంత తీరే గడువు 22వ శతాబ్దం దాకా ఉంది. అంటే ఇంకా పుట్టని విద్యార్థులు చదువుకునే రోజుల్లో కూడా ఈ అప్పు ఉంటుంది.

3. ఎవన్‌స్టన్: కూల్చారు, కొత్తది కడుతున్నారు

షికాగోకు ఉత్తరాన ఎవన్‌స్టన్ ఊళ్ళో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం ఉంది. దాని స్టేడియం 1926లో తెరిచింది. 1997 నుంచి దాని పేరు ర్యాన్ ఫీల్డ్. 2024లో దాన్ని కూల్చేశారు. అదే చోట 850 మిలియన్ డాలర్ల ఖర్చుతో కొత్తది కట్టడం మొదలుపెట్టారు. 2026లో తెరవాలని లక్ష్యం. పాతదాంట్లో 47,000 సీట్లు, కొత్తదాంట్లో 35,000. కొత్తది కడుతూ సీట్లు తగ్గించడం వింతగా ఉంది కదా? ఎక్కువమంది కంటే సౌకర్యంగా, ఆటకు దగ్గరగా కూర్చోవడం ముఖ్యమని వాళ్ళు అనుకున్నారు.

ఇక్కడ భూకంపం భయం లేదు. ఇక్కడి గొడవ ఇరుగుపొరుగుతో. స్టేడియం చుట్టూ ఇళ్ళే. అంత ఖర్చు పెట్టాక ఆటలు మాత్రమే చాలవు, పాటల కచేరీలు కూడా జరపాలని విశ్వవిద్యాలయం అడిగింది. "రాత్రిళ్ళు ఆ మోతకు మా పిల్లలు ఎలా పడుకుంటారు? కార్లు ఎక్కడ పెడతారు?" అని కొందరు అడిగారు. "ఊరికి పని దొరుకుతుంది, పన్ను వస్తుంది" అని ఇంకొందరన్నారు. 2023 నవంబరులో నగర మండలిలో కచేరీల మీద ఓట్లు సరిసమానంగా వచ్చాయి. అప్పుడు మేయరు వేసిన ఒక్క ఓటుతో అనుమతి దొరికింది.

4. ఇంతకీ ఏది సరైనది?

రెండుచోట్లా ప్రశ్న ఒకటే అయినా నేల వేరు, మనుషులు వేరు. అందుకే "పాతది మంచిదా, కొత్తది మంచిదా?" అని అడిగితే సరైన జవాబు దొరకదు. ఇలా అడగాలి:
• మనం ఉంచాలనుకుంటున్నది దేన్ని? గోడనా, స్థలాన్నా, జ్ఞాపకాన్నా?
• అక్కడ కూర్చునేవాళ్ళు క్షేమంగా ఉంటారా?
• డబ్బు ఎవరు కడతారు? ఎప్పటిదాకా?
• పక్కింటివాళ్ళను అడిగారా?

ఉంచినా ఖర్చే, కూల్చినా ఖర్చే. ఏ ఖర్చు ఎవరి మీద పడుతుందో చూసి మాట్లాడాలి.

మీకు తెలుసా?
హార్వర్డ్ స్టేడియం 1903లో కాంక్రీటుతో కట్టారు. 1906లో ఆటలో దెబ్బలు తగ్గించడానికి మైదానాన్ని వెడల్పు చేద్దామని ఒక ఆలోచన వచ్చింది. కానీ హార్వర్డ్ కాంక్రీటు గోడలు జరగవు కదా! అందుకే దాని బదులు బంతిని ముందుకు విసరడానికి అనుమతి ఇచ్చారని చెబుతారు. ఆ స్టేడియం ఇప్పటికీ ఉంది.

విందాం – మాట్లాడదాం
(మనవరాలు, తాతయ్య కారులో బర్కిలీ స్టేడియం పక్కనుంచి వెళుతున్నారు. ఇద్దరు కలిసి గట్టిగా చదవండి.)

మనవరాలు: తాతయ్యా, ఆ గోడ చూశారా? వందేళ్ళ స్టేడియం అది. దాని కిందనుంచే ఫాల్ట్ పోతుందట!
తాతయ్య: అవునా! తెలిసి తెలిసి అక్కడే ఎందుకు ఉంచారమ్మా? ఇంకోచోట కట్టుకోవచ్చుగా?
మనవరాలు: యుద్ధంలో చనిపోయినవాళ్ళ గుర్తు కదా తాతయ్యా. ఎలా కూలుస్తారు?
తాతయ్య: గుర్తుకు గోడంతా కావాలా? మన ఊళ్ళో మీ నాన్న పుట్టిన పెంకుటిల్లు వానకి కారుతోందని నేనే పడగొట్టించా. ఆ వీధి గుమ్మం మాత్రం తెచ్చి డాబాకి పెట్టించా.
మనవరాలు: పువ్వులు చెక్కి ఉంటాయి, ఆ గుమ్మమా? అది పాత ఇంటిదా? నాకెవరూ చెప్పలేదే!
తాతయ్య: చూశావా! గుమ్మం ఉంచాం గానీ, దాని కథ నీకు చెప్పలేదు.
మనవరాలు: ఇక్కడా అంతేనేమో. ఆట చూడ్డానికి వచ్చేవాళ్ళలో ఎంతమందికి తెలుసో, ఇది ఎవరి గుర్తో.
తాతయ్య: సరే, ఎంతయిందేంటి బాగుచెయ్యడానికి?
మనవరాలు: 321 మిలియన్ డాలర్లు.
తాతయ్య: కోట్లలో చెప్పు తల్లీ, నాకు మిలియన్లు తలకెక్కవు.
మనవరాలు: పది మిలియన్లు ఒక కోటి. అంటే... 32 కోట్ల 10 లక్షలు.
తాతయ్య: డాలర్లే! ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని ఊరికే అన్నారా? మరి నీ ఓటు ఎటు?
మనవరాలు: ఉంచాలి. కానీ ఆ అప్పు స్టూడెంట్ల మీద పడకూడదు. మీ ఓటు?
తాతయ్య: నాది వేరే చోట కట్టడానికే. ఆ సీట్లో కూర్చునేది నువ్వు కదా. గోడ పోతే మళ్ళీ కట్టుకోవచ్చు.

భాషాంశం

అ) చేయాలి – చేయకూడదు
మంచిదనీ అవసరమనీ చెప్పడానికి "–ఆలి": ఉంచాలి, కట్టాలి, అడగాలి.
వద్దని చెప్పడానికి "–కూడదు": ఉంచకూడదు, కట్టకూడదు, అడగకూడదు.

ఆ) –తే, –నా
కూల్చితే స్మారకం పోతుంది. (ఆ పని జరిగితే ఈ ఫలితం ఉంటుంది.)
కూల్చినా జ్ఞాపకం పోదు. (ఆ పని జరిగినప్పటికీ ఈ ఫలితం ఉండదు.)
ఒక్క అక్షరం మారితే వాదం అంతా అటునుంచి ఇటు తిరుగుతుంది, గమనించండి.

ఇ) రాసేటప్పుడు – మాట్లాడేటప్పుడు
చూడడానికి – చూడ్డానికి
బాగుచేయడానికి – బాగుచెయ్యడానికి
పెట్టించాను – పెట్టించా
కట్టుకోవచ్చు కదా – కట్టుకోవచ్చుగా
రెండూ సరైనవే. వ్యాసం రాసేటప్పుడు మొదటివి, తాతయ్యతో మాట్లాడేటప్పుడు రెండోవి వాడండి.

అభ్యాసాలు

1. ఒక్క వాక్యంలో జవాబు రాయండి.
అ) బర్కిలీ స్టేడియం ఎవరి స్మారకం?
ఆ) ఫాల్ట్ దాటే చోట ఇంజనీర్లు ఏం చేశారు?
ఇ) ఎవన్‌స్టన్‌లో ఇరుగుపొరుగు ఎందుకు ఒప్పుకోలేదు?
ఈ) తాతయ్య పాత ఇంటినుంచి ఏది తెచ్చి ఉంచారు?

2. "–తే" లేదా "–నా" చేర్చి పూరించండి.
అ) భూకంపం వచ్చి____ ఆ రెండు భాగాలు వేరుగా జరుగుతాయి.
ఆ) కొత్తది కట్టి____ సీట్లు పెరగలేదు.
ఇ) పక్కింటివాళ్ళను ముందే అడిగి____ గొడవ తగ్గేది.

3. లక్షల్లో, కోట్లలో చెప్పండి. (1 మిలియన్ = 10 లక్షలు, 10 మిలియన్లు = 1 కోటి)
అ) 850 మిలియన్లు ఆ) 5 మిలియన్లు ఇ) 45 మిలియన్లు

4. వాదించుకుందాం. తరగతిలో నాలుగు జట్లుగా విడిపోండి: విద్యార్థులు, యుద్ధంలో చనిపోయినవారి కుటుంబాలు, ఇరుగుపొరుగు, డబ్బు లెక్కలు చూసేవాళ్ళు. ఒక్కో జట్టు మూడు నిమిషాలు తెలుగులో మాట్లాడాలి. తర్వాత జట్లు మారండి. ఇప్పుడు ఇందాక మీరు కాదన్న మాటనే సమర్థించి మాట్లాడాలి.

5. ఇంటి పని. మీ అమ్మమ్మకో, తాతయ్యకో, నాయనమ్మకో ఫోన్ చేయండి. "మీ ఊళ్ళో మీరు ఉంచాలనుకున్నా కూల్చేసినది ఏదైనా ఉందా?" అని అడగండి. వాళ్ళు చెప్పినది ఎనిమిది వాక్యాల్లో రాయండి. అది ఇప్పటికీ ఉండి ఉంటే దాన్ని ఎవరు చూసుకునేవాళ్ళో కూడా అడిగి రాయండి.