పెట్టెకు జిప్పు దగ్గరే ముప్పు

ప్రశ్న: జులైలో అమ్మానాన్నలతో సియాటిల్ నుంచి అలాస్కా క్రూజ్‌కు వెళ్తున్నాం. సామాను తడవకుండా ఎలా? మోకాళ్ల నొప్పులున్న అమ్మ ఊళ్లలో తిరగగలదా? – ఓ పాఠకురాలు, హ్యూస్టన్

జవాబు: మీ భయంలో అర్థముందమ్మా. దారిలోని కెచికాన్‌లో ఏటా 350 సెంటీమీటర్లకు పైగా వాన పడుతుంది. అయితే పెట్టె తడిసేది ఎక్కువగా మీ చేతిలో ఉన్నప్పుడు కాదు, రేవులో కూలీలకు అప్పగించాక బండి మీద ఆరుబయట నిలిచినప్పుడు. నీళ్లు దూరేది జిప్పు, కుట్ల గుండా. గట్టి ప్లాస్టిక్ పెట్టె చాలదా అంటారేమో, చాలావాటికి ఉండేదీ జిప్పే కదా! పైతొడుగు వేస్తే గది నంబరు చీటీ కనబడదు, గాలికి జారిపోతుంది కూడా. అందుకే రక్షణ లోపల ఉండాలి. మందపాటి చెత్త సంచి (కొత్తదే లెండి) పెట్టెలో పరిచి, బట్టలు సర్ది, మూతి మెలిపెట్టి కట్టండి. పెట్టెలు గదికి చేరడానికి గంటలు పట్టొచ్చు కనుక పాస్‌పోర్టులు, మందులు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే ఉంచుకోండి.

అమ్మగారు తిరగగలరు, కానీ కెచికాన్‌లో మీ ఓడ ఎక్కడ ఆగుతుందో ముందే కనుక్కోండి. కొన్ని ఊరి ఒడ్డునే ఆగుతాయి, మరికొన్ని దూరాన వార్డ్ కోవ్‌లో ఆగితే బస్సెక్కాలి. ఆ ఊళ్లోని క్రీక్ స్ట్రీట్ చెక్కదారి తడిస్తే జారుతుంది, గొడుగుకన్నా పట్టున్న బూట్లు మేలు. చక్రాల కుర్చీ కావాలన్నా, చిన్న పడవలోకి మారే రేవు ఉన్నా బయల్దేరకముందే క్రూజ్ సంస్థతో మాట్లాడండి. పెట్టె తడిసి వస్తే ఫొటో తీసి వెంటనే ఓడలోని గెస్ట్ సర్వీసెస్‌కు చూపండి. అమ్మగారు జారిపడి మోకాలు వాస్తే ఓడలోని డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.