పాక కప్పుపై వాన నీరు – పాడి పశువులకు

అనంతపురం మెట్టలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మి.మీ. మా తాతల నాటి పొలంలో బావి ఎండిన వేసవిలో గేదెలకు తాగినంత నీరు పెట్టలేకపోయాము. పాలు తగ్గాయి. దాణా పెంచినా లాభం లేకపోయింది. పాలలో నూటికి 80 పాళ్లకు పైగా నీరే గదా!

మా పాక రేకుల కప్పు 100 చదరపు మీటర్లు. 10 మి.మీ. వాన కురిస్తే 1,000 లీటర్లు. వృథా పోగా 800 లీటర్లు దక్కినా, రోజుకు 70, 80 లీటర్లు తాగే పాడి గేదెలు పదింటికి ఒకరోజు గడుస్తుంది. అందుకే చూరుకు రేకు దోనె కట్టి, నీటిని సిమెంటు తొట్టిలోకి మళ్లించాము. తొలకరి జల్లు నీరు పట్టరాదు. దుమ్ము, పక్షుల రెట్టలు కొట్టుకొస్తాయి. ఎండ తగిలితే నాచు పడుతుంది గనుక తొట్టికి మూత ఉండాలి. పొర్లిన నీటిని బావి పక్కన ఇంకుడు గుంతలోకి వదులుతున్నాము. ఆ గుంతను పేడకుప్పకు దూరంగా తవ్వుకోండి.