హువాన్ బౌతిస్తా అల్బెర్ది

దక్షిణ అమెరికాయందలి అర్జెంటీనా దేశమున ప్రతి సంవత్సరము ఆగస్టు 29వ తేదీని న్యాయవాదుల దినముగా జరుపుకొందురు. అది హువాన్ బౌతిస్తా అల్బెర్ది జన్మదినము. తన దేశపు రాజ్యాంగమునకు పునాది వేసిన ఈ మహనీయుడు జీవితమున సగముకంటె నెక్కువ కాలము పరదేశములందే గడపెను. అందులకు గల కారణము విద్యార్థులు తెలిసికొనదగినది.

ఈతడు 1810వ సంవత్సరమున టుకుమాన్ పట్టణమున జన్మించెను. ప్రసవసమయముననే తల్లి మరణించెను. బాల్యముననే తండ్రియు గతించెను. విద్యార్థివేతనముతో బ్యూనస్ ఐరిస్ నగరమునకు పోయి యచ్చట న్యాయశాస్త్రము నభ్యసించెను. అప్పుడు రోసాస్ అను నిరంకుశుడు పాలించుచుండెను. వానికి తలయొగ్గుట కిష్టము లేక అల్బెర్ది 1838లో మాంటెవిడియోకు వెడలిపోయెను. 1844 నుండి చిలీ దేశమునందలి వాల్పరైసో రేవుపట్టణమున న్యాయవాదియై ఖ్యాతి గాంచెను.

1852 ఫిబ్రవరిలో ఉర్కీసా సేనాని రోసాసును ఓడించెను. ఆ వార్త వినినంతనే అల్బెర్ది, నూతన రాజ్యాంగ మెట్లుండవలయునో వివరించుచు, కొలది మాసములలోనే యొక గ్రంథమును ప్రకటించెను. 1853 నాటి రాజ్యాంగము దాని ననేక విషయములలో ననుసరించినది. దేశమున మిగిలియున్న బానిసత్వమును తొలగించినది; ఎవరి మతము ననుసరించి వారు దేవు నారాధించు స్వేచ్ఛ నొసగినది. పెక్కు సవరణలు పొందియు నది నేటికిని అమలులో నున్నది. అయినను ఆయన దృష్టిలో లోపము లేకపోలేదు. ఐరోపా వలసజనులవలననే దేశము వృద్ధినొందునని తలచి, ఆదిమవాసుల హక్కులను ఆయన గణింపలేదు.

1864లో పరాగ్వే యుద్ధ మారంభమయ్యెను. స్వదేశమే అందు పాల్గొనినను, పారిసునందున్న అల్బెర్ది ఆ యుద్ధమును ఖండించెను. ప్రత్యర్థు లాయనను దేశద్రోహి యనిరి. తన వ్యాజ్యెమున తానే న్యాయాధిపతి యగుట కెవ్వనికిని అధికారము లేదు గదా! యుద్ధమున రాజ్యములు చేయున దదియే కావున అది నేరమని యాయన వాదించెను. ఈ వాదముగల గ్రంథము ఆయన మరణానంతరము 1895లో గాని వెలువడలేదు.

1879లో స్వదేశమునకు మరలి శాసనసభ్యుడయ్యెను గాని, రెండేండ్లకే తిరిగి వెడలిపోయెను. 1884లో పారిసు సమీపమున కన్నుమూసెను.

దేశము జయఘోషము సలుపునపుడు దానితో గొంతు కలుపుట సులభము. తప్పును తప్పని చెప్పి నింద మోయుట కష్టము. సోదర విద్యార్థులారా, ఈ రెంటిలో నేది నిజమైన దేశభక్తియో ఈ చరిత్రము చదివి మీరే నిర్ణయింపుడు.