తెలుగు నవల పట్టించాలంటే...

ప్రశ్న: మా బాబు ఐదో తరగతి. సాహస కథలంటే చెవి కోసుకుంటాడు. తెలుగు పుస్తకం ఇస్తే రెండు పేజీలకే మూసేస్తాడు. ఏది చదివించాలి?

జవాబు: అమ్మా, బాబుకి ఆసక్తి లేక కాదు. వాడు చదివే వేగాన్ని కథ మీది ఆత్రం దాటిపోతోంది. ఒత్తులు, సంయుక్తాక్షరాలు కూడబలుక్కునేలోపు కథ చల్లారిపోతుంది.

నా ఓటు దాసరి సుబ్రహ్మణ్యం గారి ‘శిథిలాలయం’కి. చందమామ పత్రికలో సీరియల్‌గా వచ్చింది. కథానాయకులు శిఖిముఖి, విక్రమకేసరి అడవిలో అడుగుపెడితే పెద్దవాళ్లం మనమే పుస్తకం వదలం! వాక్యాలు చిన్నవి, చిత్రా గారి బొమ్మలు సరేసరి. నెలనెలా వచ్చిన కథ కాబట్టి భాగం ముగిసేసరికి ఎవరో ఒకరు ఆపదలో ఉంటారు. మీకు పనికొచ్చేది అదే. మొదటి భాగం మీరే పైకి చదవండి. రెండోది ఉత్కంఠ దగ్గర ఆపి, పుస్తకం వాడి పక్కన పెట్టేయండి. మధ్యలో అర్థాలు అడగొద్దు, తప్పులు దిద్దొద్దు.

అయితే బాబు ఏ భాషలో చదివినా వరసలు తప్పుతున్నా, తలనొప్పి అంటున్నా ముందు కంటి డాక్టరుకు చూపించండి. చూపు బాగుండీ అక్షరాలు తారుమారవుతుంటే పిల్లల మానసిక నిపుణుల్ని కలవండి, ఆలస్యం చేయకండి.