ఇరవైనాలుగు గంటల నొప్పి

మన పల్లెల్లో ఒక కడుపునొప్పిని ఇరవైనాలుగు గంటల నొప్పి అంటారు. డాక్టర్లు దాన్నే అపెండిసైటిస్ అంటారు. పేరు విని కొందరు, ఇంకా 24 గంటలు టైముంది గదా అనుకుంటారు. అది పొరపాటు. ఒకరికి ఒక్క రోజులోనే ముదురుతుంది. మరొకరికి రెండు మూడు రోజులు పడుతుంది.

కడుపులో కుడివైపు కింద, చిన్న పేగు పెద్ద పేగులో కలిసేచోట, వేలంత తోక ఒకటి ఉంటుంది. దాని పేరు ఉండుకం. గట్టిపడిన మలం లాంటిది దాని నోటికి అడ్డం పడితే లోపల క్రిములు పెరుగుతాయి. ఉండుకం వాస్తుంది. చీము పడుతుంది. ఆలస్యమైతే పగులుతుంది. ఆ చీము కడుపులో పాకితే ప్రాణం మీదికొస్తుంది.

ఊడుపుల రోజులనుకోండి. చల్లపల్లి దగ్గర ఒక పల్లె. నాటు వేసి వచ్చిన కోడలికి బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది. అన్నం సయించలేదు. రెండుసార్లు వాంతి అయింది.

"వాతం చేసిందే. కాస్త ఆముదం తాగు" అన్నది అత్త. పక్కింటావిడ పొట్ట తోముతానన్నది. కోడలు రెండిటికీ ఒప్పుకోలేదు. అదే మేలయింది. తెల్లారేసరికి నొప్పి కుడివైపు కిందికి దిగింది. దగ్గితే పొడిచినట్టుంది. నిటారుగా నడవలేకపోయింది. ఒళ్ళు వెచ్చబడింది.

నొప్పి ఇలా చోటు మారడం పెద్ద గుర్తు. మొదట్లో నొప్పి బొడ్డు దగ్గర తెలుస్తుంది. వాపు ముదిరి కడుపు లోపలి పొరను తాకాక అసలు చోట తెలుస్తుంది. అందరికీ ఇలాగే రాదు. పసిపిల్లలు చెప్పలేరు. ముసలివాళ్ళకు నొప్పి, జ్వరం తక్కువగా ఉండొచ్చు. నిండు గర్భిణికి నొప్పి ఇంకా పైన రావచ్చు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ, "నొప్పి ఎన్ని గంటలకు మొదలైంది పెద్దమ్మా? మొదట ఎక్కడ?" అని అడిగింది. "పొద్దుగూకాక" అన్నది అత్త. గంట చెప్పలేకపోయింది. డాక్టరమ్మ కడుపు మెల్లగా నొక్కి చూసింది. బొడ్డుకూ కుడి తుంటి ఎముక మొనకూ మధ్య, ఎముక వైపుగా ఉండే చోటు అది. 1889లో న్యూయార్కు డాక్టరు మెక్‌బర్నీ ఆ చోటు గురించి రాశాడు. ఇప్పటికీ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు.

"నెల తప్పిందా?" అని కూడా అడిగింది. అత్తకు కోపం వచ్చింది. కాని అది అడగాల్సిన ప్రశ్నే. గర్భసంచిలో కాక పక్క గొట్టంలో పిండం పడితే ఇలాంటి నొప్పే వస్తుంది. అదీ ప్రాణాపాయమే. మూత్రనాళంలో రాయి ఉన్నా నొప్పి వస్తుంది. అందుకే రక్తం, మూత్రం పరీక్ష చేస్తారు. స్కానింగు తీస్తారు. ఒక్కోసారి స్కానింగులో ఉండుకం కనబడదు. అప్పుడు ఆసుపత్రిలోనే ఉంచి, కొన్ని గంటలాగి మళ్ళీ చూస్తారు. ఏమీ తేల్చలేదని లేచి ఇంటికి రాకూడదు.

సాధారణంగా ఆపరేషను చేసి ఉండుకాన్ని తీసేస్తారు. పగలక ముందు కొందరికి మందులతోనే తగ్గుతుంది. వాళ్ళలో కొందరికి మళ్ళీ వస్తుంది. ఏది మంచిదో డాక్టరే చెప్పాలి. కోత అంటే రాజులకైనా తప్పలేదు. 1902లో ఇంగ్లండు రాజు ఏడో ఎడ్వర్డుకు పట్టాభిషేకానికి రెండు రోజుల ముందు ఈ జబ్బుకే ఆపరేషను చేశారు. పట్టాభిషేకం ఆగస్టుకు వాయిదా పడింది. రాజు బతికాడు.

ఇలాంటి నొప్పి వస్తే ఆముదం, విరేచనాల మందు, ఎనిమా ఇవ్వకండి. కాపడం పెట్టకండి. పొట్ట తోమకండి. డాక్టరు చూసేదాకా తిండి, టీ పెట్టకండి. నొప్పి ఒక్కసారిగా తగ్గినా ప్రయాణం మానకండి. ఉండుకం పగిలినప్పుడు కాసేపు అలాగే ఉంటుంది. తరువాత కడుపు బల్లలా గట్టిపడుతుంది. 108కి ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది. డబ్బు అక్కర్లేదు.

డాక్టరుకు ఇచ్చే చీటీ ఇలా ఉండాలి. చదవండి. మీ నోటుపుస్తకంలో రాయండి.

నొప్పి మొదలైంది: మంగళవారం, రాత్రి 7 గంటలకు.
మొదట: బొడ్డు దగ్గర.
ఇప్పుడు: కుడివైపు కింద.
వాంతులు: 2.
చివరగా తిన్నది: మధ్యాహ్నం 1 గంటకు.
వేసుకున్న మందు: ఏమీ లేదు.