వయల్‌లోని ప్లాస్మిడ్ హార్వెస్ట్ దాకా నిలవాలంటే

ఓడీ చక్కగా పెరుగుతుంది. పీహెచ్, ఆక్సిజన్, ఉష్ణోగ్రత అన్నీ పరిమితుల్లోనే ఉంటాయి. తీరా హార్వెస్ట్ చేసి జెల్ మీద నడిపితే ప్రోటీన్ బ్యాండు పలచగా కనిపిస్తుంది. ఇలాంటి బ్యాచ్ వచ్చినప్పుడు ముందు మీడియాను, తర్వాత ఇండ్యూసర్‌ను, ఆపైన షిఫ్టులో ఉన్న మనిషిని అనుమానిస్తారు. ప్లాస్మిడ్ వంతు చివర్లో గానీ రాదు. నిజానికి ముందుగా చూడాల్సింది దాన్నే. ఎందుకంటే ప్లాస్మిడ్ లేని బ్యాక్టీరియా కూడా ఓడీని పెంచుతుంది, ఇంకాస్త త్వరగానే పెంచుతుంది.

శామీర్‌పేట, తుర్కపల్లి పక్క జీనోమ్ వ్యాలీలో గానీ, ఇంకెక్కడైనా గానీ సీడ్ ల్యాబ్, ఫెర్మెంటేషన్, క్యూసీ విభాగాల్లో కొత్తగా చేరినవారి కోసం ఈ వ్యాసం. ఎస్ఓపీలో ప్రతి వాక్యం వెనుకా ఒక కారణం ఉంటుంది. ఆ కారణం తెలిసినవారి చేతిలో బ్యాచ్ భద్రంగా ఉంటుంది. ఇక్కడ ఆ కారణం ఒక్కటే: కణం రెండుగా చీలిన ప్రతిసారీ ప్లాస్మిడ్ పోయే అవకాశం ఉంది. వయల్ నుంచి హార్వెస్ట్ దాకా అలాంటి చీలికలు ఎన్ని జరుగుతున్నాయో, ప్రతి దశలో ప్లాస్మిడ్ ఎంత మిగిలిందో తెలుసుకుంటూ ఉండటమే మన పని.

ప్రకృతిలో ప్లాస్మిడ్లు ఎలా నిలుస్తాయి?

ప్లాస్మిడ్ అన్న పేరు పెట్టింది జాషువా లెడర్‌బర్గ్, 1952లో. క్రోమోజోముతో సంబంధం లేకుండా సొంతంగా ప్రతికృతి చెందే డీఎన్ఏ ఇది. తర్వాతి తరంలోకి చేరాలంటే కణం చీలే సమయానికి రెండు పిల్ల కణాల్లోనూ కనీసం ఒక్కో ప్రతి ఉండాలి. దీనికి ప్లాస్మిడ్లు రెండు రకాల దారులు పట్టాయి.

మొదటిది ఖచ్చితంగా పంచే దారి. ఈ.కోలైలోని ఎఫ్ ప్లాస్మిడ్ దాదాపు లక్ష బేస్ జతల పెద్ద అణువు. కణానికి ఒకటో రెండో ప్రతులే ఉంటాయి. చీలే వేళకు రెండే ప్రతులుండి, వాటిని అదృష్టానికి వదిలేస్తే, సగం విభజనల్లో ఒక పిల్ల కణం ఖాళీగా మిగలాలి. అలా జరగకుండా ఎఫ్ ప్లాస్మిడ్‌కు సాప్ వ్యవస్థ ఉంది. సాప్-బి ప్రోటీన్ ప్లాస్మిడ్ మీది సాప్-సి అనే చోట అతుక్కుంటుంది. ఏటీపీతో పనిచేసే సాప్-ఎ ప్రోటీన్ కణంలోని డీఎన్ఏ మీద పరచుకుని ఉంటుంది. ఈ రెండూ కలిసి ప్రతులను విడదీసి చెరో వైపు చేరుస్తాయి. ఆర్1 ప్లాస్మిడ్ పద్ధతి వేరు. దాని పార్-ఎం ప్రోటీన్, మన కండరాల్లోని యాక్టిన్‌ను పోలిన పోగులుగా పెరిగి రెండు ప్రతులను కణం రెండు కొసలకూ నెడుతుంది.

ఇంత చేసినా ఎక్కడో ఒక కణానికి ప్లాస్మిడ్ అందదు. దానికీ ఏర్పాటు ఉంది. ఆర్1లోని హాక్ జన్యువు తయారుచేసే విషప్రోటీన్ కణత్వచాన్ని పాడుచేస్తుంది. సాక్ అనే చిన్న ఆర్ఎన్ఏ ఆ విషం తయారీని అడ్డుకుంటుంది. హాక్ సందేశ ఆర్ఎన్ఏ చాలాసేపు చెక్కుచెదరదు, సాక్ మాత్రం త్వరగా కరిగిపోతుంది. ప్లాస్మిడ్ పోయిన కణంలో కొత్త సాక్ పుట్టదు. పాత హాక్ సందేశం పని మొదలుపెట్టి ఆ కణాన్ని చంపుతుంది. ఎఫ్ ప్లాస్మిడ్‌లో సీసీడీ-ఎ, సీసీడీ-బి అనే ప్రోటీన్ల జంట ఇలాగే పనిచేస్తుంది. విరుగుడు త్వరగా నశిస్తుంది, మిగిలిన విషం డీఎన్ఏ గైరేజ్ ఎంజైమును పట్టేస్తుంది.

రెండో దారి సంఖ్యాబలం. కోల్-ఈ1 లాంటి చిన్న ప్లాస్మిడ్లు పంచే యంత్రాంగం పెట్టుకోవు, ప్రతులు పెంచుకుంటాయి. ప్రతి ప్రతీ బొమ్మా బొరుసా వేసినట్టు ఏదో ఒక పక్కకు వెళుతుంది. చీలేటప్పుడు 20 ప్రతులుంటే ఖాళీ పిల్ల కణం పుట్టే అవకాశం దాదాపు 5.2 లక్షల విభజనలకు ఒకసారి. 40 ఉంటే దాదాపు 55 వేల కోట్ల విభజనలకు ఒకసారి.

మనం రోజూ వాడే వెక్టర్లలో చాలావరకు ఈ రెండో కుటుంబానివే. 1977లో వచ్చిన పీబీఆర్322 ఇందులోదే. 2,686 బేస్ జతల పీయూసీ19 కూడా అంతే. పీయూసీలో ప్రతులను అదుపు చేసే రాప్ జన్యువు లేదు, ప్రతికృతిని మొదలుపెట్టే ఆర్ఎన్ఏ-2లో ఒక మార్పు కూడా ఉంది. అందుకే కణానికి వందల ప్రతులు వస్తాయి. మరి వందల ప్రతులుండగా ప్లాస్మిడ్ ఎలా పోతుంది?

లెక్క తప్పేది ఎక్కడ?

మొదటి కారణం ప్రతులు ఒకదానితో ఒకటి అతుక్కోవడం. రెక్-ఎ ప్రోటీన్ ఉన్న కణాల్లో రెండు ప్లాస్మిడ్లు కలిసి ఒకే పెద్ద వలయంగా మారతాయి. నాలుగు కలిసినా ఆశ్చర్యం లేదు. డీఎన్ఏ పరిమాణం అంతే ఉన్నా, పంపకానికి వచ్చే వలయాల సంఖ్య పడిపోతుంది. 40 ప్రతులు నాలుగేసి చొప్పున కలిసి 10 వలయాలైతే, 55 వేల కోట్లకు ఒకసారి జరగాల్సిన నష్టం 512 విభజనలకు ఒకసారి జరుగుతుంది. అసలు కోల్-ఈ1లో సెర్ అనే చోటు ఉంది. కణంలోని జెర్-సి, జెర్-డి ఎంజైములు అక్కడ పెద్ద వలయాన్ని మళ్లీ విడివిడి వలయాలుగా చేస్తాయి. క్లోనింగ్ కోసం కత్తిరించిన వెక్టర్లలో చాలావాటికి ఆ సెర్ చోటు మిగలలేదు.

రెండో కారణం బరువు. ప్లాస్మిడ్‌ను, దాని ప్రోటీన్లను తయారుచేయడానికి కణం శక్తి ఖర్చు పెట్టాలి. ఆ ఖర్చు లేని కణం ముందుకు దూసుకుపోతుంది. ప్లాస్మిడ్ ఉన్న కణం 30 నిమిషాలకు, లేనిది 25 నిమిషాలకు రెట్టింపవుతుందనుకుందాం. 10 గంటల్లో మొదటిది 20 సార్లు, రెండోది 24 సార్లు చీలుతుంది. అంటే ఖాళీ కణాల నిష్పత్తి 16 రెట్లు పెరిగినట్టు. మొదట 10 వేలకు ఒకటే ఉన్నా, మొత్తం 30 గంటల ఎదుగుదల తర్వాత ఆ నిష్పత్తి 4,096 రెట్లవుతుంది, ఖాళీ కణాలు నూటికి 29 అవుతాయి. ఇండక్షన్ తర్వాత ఈ తేడా ఇంకా తీవ్రం. ప్లాస్మిడ్ ఉన్నవి ప్రోటీన్ చేసే పనిలో ఎదుగుదల తగ్గిస్తాయి, ఖాళీవి మామూలుగా చీలుతూనే ఉంటాయి.

పనిలో పాటించాల్సినవి

*తరాల లెక్క వేయండి.* మొత్తం కణాలు ఎన్ని రెట్లయ్యాయో చూసి, అన్ని రెట్లు కావాలంటే ఎన్నిసార్లు రెట్టింపవ్వాలో లెక్కగట్టాలి. ఉదాహరణకు ఓడీ 10 ఉన్న 1 మిల్లీలీటరు వయల్‌తో మొదలుపెట్టి, 1,000 లీటర్ల ఫెర్మెంటర్‌లో ఓడీ 50 దగ్గర హార్వెస్ట్ చేశారు. కణాలు 50 లక్షల రెట్లయ్యాయి. అంటే దాదాపు 22 తరాలు. మధ్యలో ఒక సీడ్ దశ అదనంగా పెట్టి, ఆ దశలో వెయ్యి రెట్లు పెంచి, అందులో వెయ్యో వంతే ముందుకు తీసుకెళితే మరో 10 తరాలు కలుస్తాయి. దశలు పెంచాలన్న ప్రతిపాదన వస్తే ఈ లెక్క ముందు పెట్టి మాట్లాడండి.

*సెల్ బ్యాంకు నుంచే మొదలుపెట్టండి.* మాస్టర్ సెల్ బ్యాంకు, దాని నుంచి వర్కింగ్ సెల్ బ్యాంకు అన్న రెండంచెల పద్ధతి తరాలను అదుపులో ఉంచడానికే. ఫ్రిజ్‌లో వారాల తరబడి ఉన్న ప్లేటు నుంచి లూపుతో గీకి సీడ్ వేయకండి. కల్చర్ నుంచి కల్చర్‌కు మార్చుకుంటూ పోకండి. వయల్ ఒకసారి కరిగితే వాడేయాలి, తిరిగి గడ్డకట్టించకూడదు.

*యాంటీబయాటిక్ ఎలా పనిచేస్తుందో తెలుసుకుని వాడండి.* ఆంపిసిలిన్‌ను నాశనం చేసే బీటా లాక్టమేజ్ కణం బయటకు వచ్చి మీడియాలో చేరుతుంది. కొన్ని గంటల్లో ఆంపిసిలిన్ అయిపోయి, ఖాళీ కణాలకూ రక్షణ దొరుకుతుంది. ప్లేటు ఎక్కువసేపు ఇంక్యుబేటర్‌లో ఉంటే పెద్ద కాలనీ చుట్టూ వచ్చే చిన్న చిన్న కాలనీలు ఇవే. వాటిని ఎప్పుడూ తీసుకోకండి. రాత్రంతా పెరిగిన ఆంపిసిలిన్ కల్చర్‌ను సీడ్‌గా వాడాల్సి వస్తే, సెంట్రిఫ్యూజ్ చేసి పాత మీడియా పారబోసి, కొత్త మీడియాలో కలిపి వేయండి. కార్బెనిసిలిన్ ఇంకొంత ఎక్కువసేపు నిలుస్తుంది. కానమైసిన్‌ను చెడగొట్టే ఎంజైము కణం లోపలే ఉంటుంది కాబట్టి ఒత్తిడి ఎక్కువసేపు ఉంటుంది. మందుల తయారీలో బీటా లాక్టమ్ మందులకు దూరంగా ఉండటానికి మరో ముఖ్య కారణం, కొందరు రోగులకు వాటితో వచ్చే తీవ్రమైన అలర్జీ.

*లీకును ఆపండి.* టీ7 ప్రమోటర్ ఉన్న పీఈటీ వెక్టర్లలో ఇండ్యూసర్ వేయకముందే కొంత ప్రోటీన్ తయారవుతుంది. అది కణానికి హానికరమైతే ప్లాస్మిడ్ పోగొట్టుకున్న కణాలకు లాభం. సీడ్ మీడియాలో 0.5 నుంచి 1 శాతం గ్లూకోజ్ ఈ లీకును బాగా తగ్గిస్తుంది. సీడ్‌ను స్థిరదశ దాకా వదిలేయకుండా ఎదుగుతున్న దశలోనే బదిలీ చేయండి. షిఫ్టు మారే సమయం కోసం సీడ్‌ను ఆపి ఉంచకండి. ఆలస్యం తప్పకపోతే ఎంతసేపో బ్యాచ్ రికార్డులో రాయండి.

*స్ట్రెయిన్‌ను, వెక్టర్‌ను చూసి ఎంచుకోండి.* ప్లాస్మిడ్ నిల్వకు, తయారీకి రెక్-ఎ లేని డీహెచ్5-ఆల్ఫా లాంటివి మేలు. ప్రోటీన్ కోసం వాడే బీఎల్21లో రెక్-ఎ ఉంది, కాబట్టి అందులో మీ నిర్మాణాన్ని దీర్ఘకాలం మోయించకండి. ఒకే కణంలో రెండు ప్లాస్మిడ్లు కావాలంటే రెండింటి ఆరిజిన్ (ప్రతికృతి మొదలయ్యే చోటు) ఒకటే కాకూడదు. పీఈటీతో పాటు పీ15ఏ ఆరిజిన్ ఉన్న పీఏసీవైసీ లాంటిది పెడితే రెండూ నిలుస్తాయి.

ఉందో లేదో కనుక్కోవడం

సాధారణ పరీక్షకు పెద్ద పరికరాలు అక్కర్లేదు. కల్చర్‌ను పలచన చేసి యాంటీబయాటిక్ లేని ప్లేటు మీద పరచండి. వచ్చిన కాలనీల్లో 100 తీసుకుని ఒక్కోదాన్ని మామూలు ప్లేటు మీద, యాంటీబయాటిక్ ప్లేటు మీద అద్దండి. రెండో దాని మీద ఎన్ని పెరిగితే అంత శాతం ప్లాస్మిడ్ ఉన్నట్టు. అయితే 100కి 100 పెరిగినా నష్టం సున్నా అని రాయకండి. 95 శాతం నమ్మకంతో చెప్పగలిగేది నష్టం 3 శాతం లోపు అని మాత్రమే. 1 శాతం లోపు అని చెప్పాలంటే 300 కాలనీలు కావాలి.

పీఈటీ వెక్టర్లకు ఇండక్షన్ ముందు నాలుగు ప్లేట్ల పరీక్ష ఇంకా ఎక్కువ చెబుతుంది. ఏమీ లేనిది, యాంటీబయాటిక్ ఉన్నది, ఇండ్యూసర్ అయిన ఐపీటీజీ ఉన్నది, రెండూ ఉన్నది. మొదటి రెండింటి మీద కాలనీలు దాదాపు సమానంగా రావాలి. ఐపీటీజీ ఒక్కటే ఉన్న ప్లేటు మీద ముఖ్యంగా ఖాళీ కణాలు పెరుగుతాయి. ఆరోగ్యంగా ఉన్న కల్చర్‌లో ఇవి సాధారణంగా 2 శాతం లోపే. రెండూ ఉన్న ప్లేటు మీద పెరిగేవి ప్లాస్మిడ్ ఉండి కూడా ప్రోటీన్ చేయడం మానేసినవి. ఇవి 0.01 శాతం లోపు ఉండాలి.

ఈ తేడా చాలా ముఖ్యం. ప్లాస్మిడ్ పూర్తిగా పోవడం ఒక సమస్య, ప్లాస్మిడ్ ఉండి అందులో జన్యువు దెబ్బతినడం వేరే సమస్య. రెండోదాన్ని కాలనీల లెక్క పట్టుకోలేదు. రెస్ట్రిక్షన్ డైజెస్ట్, సీక్వెన్సింగ్ కావాలి. అందుకే నిర్మాణ పరీక్షల గురించి 1995 నాటి ఐసీహెచ్ క్యూ5బీ, సెల్ బ్యాంకుల గురించి 1997 నాటి క్యూ5డీ మార్గదర్శకాలు ఉన్నాయి. ఉత్పత్తి చివరి కణాల్లో నిర్మాణం మొదట ఉన్నట్టే ఉందా అని అడిగేది క్యూ5బీనే. ఆడిట్‌కు ముందు రోజు తిరగేయడం కాకుండా, ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే రెండూ చదవండి.

బ్యాచ్ దెబ్బతిన్నప్పుడు

ఎవరి తప్పు అని వెతికే ముందు మూడు నమూనాలు భద్రపరచండి: సీడ్ బదిలీ వేళ, ఇండక్షన్ ముందు, హార్వెస్ట్ వేళ తీసినవి. మూడింటిలోనూ ప్లాస్మిడ్ శాతం చూడండి. సీడ్‌లోనే తక్కువైతే బ్యాంకును, సీడ్ పద్ధతిని చూడాలి. సీడ్‌లో బాగుండి ఇండక్షన్ ముందు తగ్గితే యాంటీబయాటిక్, లీకు, తరాల సంఖ్య చూడాలి. ఇండక్షన్ తర్వాతే పడిపోతే ఇండ్యూసర్ మోతాదు, ఉష్ణోగ్రత, ఎంతసేపు నడిపారు అన్నవి చూడాలి. మూడింటిలోనూ శాతం బాగుండి ప్రోటీన్ లేకపోతే ప్లాస్మిడ్ నిర్మాణాన్ని పరీక్షించాలి. ఈ నమూనాలు తీయాలన్నది బ్యాచ్ రికార్డులో ముందే ఉండాలి. లేకపోతే చేర్చమని సూపర్‌వైజర్ గారిని రాతపూర్వకంగా అడగండి.

పారబోసే ముందు కల్చర్‌ను తప్పకుండా చంపండి. యాంటీబయాటిక్‌ను తట్టుకునే జన్యువులు మోసే బ్యాక్టీరియా మురుగులో కలిస్తే, ఆ జన్యువులు వేరే బ్యాక్టీరియాకు చేరవచ్చు. జన్యుమార్పిడి సూక్ష్మజీవుల విషయంలో మన దేశంలో 1989 నియమాలు అమల్లో ఉన్నాయి. మీ సంస్థ బయోసేఫ్టీ కమిటీ చెప్పిన పద్ధతిని ఏ షిఫ్టులోనూ వదలకండి.

ఎదగాలనుకునేవారికి

ఈ.కోలైలో ప్లాస్మిడ్ ద్వారా చేసిన మానవ ఇన్సులిన్‌కు 1982లో అమెరికాలో అనుమతి వచ్చింది. 2021 ఆగస్టులో మన దేశంలో అత్యవసర అనుమతి పొందిన జైకోవ్-డి టీకాలో ప్లాస్మిడే మందు. ఒకప్పుడు ప్రోటీన్ తయారీకి సాధనమైన అణువు ఇప్పుడు నేరుగా మనిషి ఒంట్లోకి వెళుతోంది. దాన్ని చెడకుండా కాపాడటం తెలిసినవారి అవసరం పెరుగుతుంది.

ఇంటర్వ్యూలో ‘ప్లాస్మిడ్ అంటే ఏమిటి’ అన్న ప్రశ్నకు నిర్వచనం అందరూ చెబుతారు. మీరు పనిచేసిన ప్రాసెస్‌లో వయల్ నుంచి హార్వెస్ట్ దాకా ఎన్ని తరాలు, చివర ప్లాస్మిడ్ ఎంత శాతం, ఎన్ని కాలనీలు చూసి ఆ మాట అంటున్నారు అన్నవి చెప్పగలిగితే ఎదుటివారికి మీ పని అర్థమవుతుంది. అందుకు పదోన్నతి దాకా ఆగక్కర్లేదు. ఈ వారం మీ బ్యాచ్ రికార్డు తీసి, ఒక్కో దశలో పరిమాణం, ఓడీ రాసుకుని తరాల లెక్క వేయండి. మీ క్యూసీ పరీక్ష నిజంగా అన్ని తరాల చివర ఉన్న కణాల మీద జరుగుతోందో, లేక సీడ్ దగ్గరే ఆగిపోతోందో చూడండి. సీడ్ దగ్గరే ఆగితే, ఆ ఖాళీని మీ పై అధికారి దృష్టికి తీసుకెళ్లాల్సింది మీరే.